అకౌస్టిక్ గిటార్‌కు ఏ మందం తీగలు వేయాలి?

గిటార్ తీగల ప్యాకెట్ మీద 10, 11, 12, 13 అని పెద్ద అంకెలు కనిపిస్తాయి. దుకాణంలో అడిగితే "కొత్తగా నేర్చుకుంటున్నారా? అయితే పది తీసుకోండి" అంటారు. చాలాకాలంగా వాయిస్తున్న మిత్రుడిని అడిగితే "పన్నెండు కంటే సన్నవి వేస్తే నాదమే రాదు" అంటాడు. రెండు మాటల్లోనూ నిజం ఉంది. కానీ ఆ దుకాణదారు మీ గిటార్‌ను చూడలేదు, ఆ మిత్రుడు మీ వేళ్లతో వాయించలేదు. ఈ ఎంపిక మీరే చేసుకోవాలి, అదేమంత కష్టం కాదు. ఎంత మందం వరకు వెళ్లవచ్చో మీ గిటార్ చెబుతుంది. ఎంత సన్నానికి దిగవచ్చో మీరు వాయించే తీరు చెబుతుంది. ఆ రెండు హద్దుల మధ్య మిగిలేది సాధారణంగా రెండు సెట్లే. వాటిలో ఏది కావాలో వేళ్లకు వదిలేయవచ్చు.

ముందుగా ఆ అంకె సంగతి. అది మొదటి తీగ, అంటే అన్నిటికంటే సన్నని తీగ మందం. లెక్క అంగుళంలో వెయ్యో వంతుల్లో ఉంటుంది. 12 అంటే 0.012 అంగుళం, సుమారు 0.30 మిల్లీమీటర్లు. "12–53" అని ఉంటే మొదటి తీగ 12, ఆరో తీగ 53 అని అర్థం. 11కీ 12కీ మధ్య తేడా మిల్లీమీటరులో నలభయ్యో వంతు. ఇంత చిన్న తేడాకు చేతికి అంత మార్పు ఎందుకు తెలుస్తుందంటే, ఒకే శ్రుతికి బిగించినప్పుడు తీగ బిగువు మందం వర్గాన్ని (స్క్వేర్) బట్టి పెరుగుతుంది. మామూలు పొడవున్న గిటార్ మీద 12 మందం మొదటి తీగ దాదాపు 10.6 కిలోల బరువుతో లాగుతుంది. 11 అయితే 9 కిలోలు, 10 అయితే ఏడున్నర కిలోల లోపు, 13 అయితే పన్నెండున్నర. అంకెలో ఒక్కటి తేడా వస్తే బిగువులో ఆరో వంతు తేడా వస్తోందన్నమాట.

ఆరు తీగలూ కలిపితే 10 సెట్ సుమారు 60 కిలోలు, 11 సెట్ 70 కిలోలకు కాస్త తక్కువ, 12 సెట్ 74 కిలోలు, 13 సెట్ 84 కిలోల దాకా లాగుతాయి. కంపెనీని బట్టి ఒకటి రెండు కిలోలు అటూ ఇటూ అవుతుంది. రాత్రీ పగలూ ఈ బరువునంతా మోసేది రెండు మూడు మిల్లీమీటర్ల మందం ఉన్న చెక్క పలక. తీగ ఎంపిక అనేది ముందు చెక్క గురించి, ఆ తరువాతే వేళ్ల గురించి అని నేను అనేది ఇందుకే.

మొదటి అడుగు: మీది ఉక్కు తీగల గిటారేనా?

మొదటి మూడు తీగలు ప్లాస్టిక్ దారంలా మెత్తగా ఉన్నాయా? తల భాగంలో రెండు పొడవాటి గాళ్లు ఉండి, తీగలు వాటిలోని దూలాలకు చుట్టుకున్నాయా? బ్రిడ్జి (పలక మీద తీగలను పట్టి ఉంచే చెక్క దిమ్మ) దగ్గర తీగను ముడి వేసి కట్టారా? అయితే అది నైలాన్ తీగల క్లాసికల్ గిటార్. దానికి ఎంత సన్నని ఉక్కు తీగలూ వేయకూడదు. నైలాన్ సెట్ మొత్తం బిగువు సుమారు 40 కిలోలు. ఉక్కు తీగల్లో అతి సన్నని సెట్ కూడా దానికి ఒకటిన్నర రెట్లు లాగుతుంది. కొన్ని వారాల్లోనో నెలల్లోనో పలక ఉబ్బుతుంది, బ్రిడ్జి జిగురు వదిలి లేచిపోతుంది. నైలాన్ ప్యాకెట్ల మీద మందం అంకెలకు బదులు "నార్మల్ టెన్షన్", "హార్డ్ టెన్షన్" అని ఉంటుంది. నార్మల్ తీసుకుంటే చాలు.

ఇంకో పొరపాటు కూడా తరచుగా జరుగుతుంది. 10 అంకె చూసి ఎలక్ట్రిక్ గిటార్ సెట్ కొనేస్తారు. ఎలక్ట్రిక్ సెట్‌లో మూడో తీగ చుట్టు లేని నున్నని తీగ, లావు తీగల మీద చుట్టు నికెల్ పూతది. అకౌస్టిక్ సెట్‌లో మూడో తీగకు కూడా కంచు చుట్టు ఉంటుంది. ఎలక్ట్రిక్ తీగలు వేస్తే గిటార్ పాడవదు. కానీ పికప్ (తీగ కదలికను కరెంటు సంకేతంగా మార్చే పరికరం) లేకుండా వాటి ధ్వని పలచగా వస్తుంది, మూడో తీగ ఫ్రెట్ల (నెక్ మీది అడ్డ లోహపు మెట్ల) మీద శ్రుతి తప్పుతుంది. ప్యాకెట్ మీద "అకౌస్టిక్" అన్న మాట ఉందో లేదో చూసుకోండి.

రెండో అడుగు: ఇప్పుడు ఏమి ఉన్నాయో తెలుసుకోండి

కొత్తది ఎంచుకోవాలంటే పాతదేమిటో తెలియాలి. గిటార్‌తో వచ్చిన కాగితాల్లోనో కంపెనీ వెబ్‌సైట్‌లోనో ఫ్యాక్టరీలో వేసిన మందం రాసి ఉంటుంది. పేరున్న కంపెనీల పెద్ద శరీరం గిటార్లకు ఎక్కువగా 12 సెట్ వేసి పంపుతారు. పాత గిటార్ కొన్నా, తీగలు ఎవరు మార్చారో తెలియకపోయినా కొలవడమే మార్గం. ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రం ల్యాబ్‌లో అందరమూ వాడిన స్క్రూ గేజ్ ఈ పనికి సరిగ్గా సరిపోతుంది, అది 0.01 మిల్లీమీటరు వరకు చూపిస్తుంది. మొదటి తీగ 0.25 వస్తే 10, 0.28 వస్తే 11, 0.30 వస్తే 12, 0.33 వస్తే 13. చవక డిజిటల్ కాలిపర్ మాత్రమే ఉంటే మొదటి తీగ కొలతను నమ్మకండి, ఎందుకంటే దాని పొరపాటే ఆ తేడా అంత ఉంటుంది. ఆరో తీగను కొలవండి. 1.19 దగ్గర వస్తే 47, 1.32–1.35 మధ్య వస్తే 52 లేదా 53, 1.42 వస్తే 56.

మూడో అడుగు: నొప్పి మందం వల్లనా, ఎత్తు వల్లనా?

దీన్ని దాటేసి ముందుకు వెళ్లకండి. వేళ్లు నొప్పి పుడుతున్నాయని సన్నని తీగలు కొనేవాళ్లలో చాలామందికి అసలు బాధ తీగ మందం కాదు, ఫ్రెట్ల మీద తీగ ఉన్న ఎత్తు. దాన్నే యాక్షన్ అంటారు. తక్కువ ధర గిటార్లు సరైన సెటప్ లేకుండానే ఇంటికి వస్తాయి. అలాంటి గిటార్ మీద 12 తీసి 10 వేస్తే కొంత ఊరట వస్తుంది. కానీ మూల సమస్య అలాగే ఉంటుంది, పైగా ధ్వని పలచబడుతుంది. వేళ్లకు కాయలు కాసేదాకా ఓర్చుకోమని చెప్పేవాళ్లుంటారు. కాయలు కాయడానికి కొన్ని వారాలు పట్టే మాట నిజమే. అయితే సరిగా అమర్చిన గిటార్ మీద ఆ వారాలు ఇంత బాధగా గడవనక్కరలేదు.

మూడు పరీక్షలు చేయండి. శ్రుతి సరిచేసిన తరువాతే ఇవి పనికొస్తాయి.

స్టీలు స్కేలు తీసుకుని పన్నెండో ఫ్రెట్ పైభాగం నుంచి ఆరో తీగ అడుగు వరకు కొలవండి. 2.4 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటే బాగుంది. మొదటి తీగ దగ్గర 1.6 నుంచి 2 మధ్య ఉండాలి. ఆరో తీగ దగ్గర 3 దాటిందంటే ఏ మందం వేసినా చెయ్యి అలిసిపోతుంది.

తరువాత మొదటి ఫ్రెట్‌లో కాపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి పట్టే క్లిప్పు) పెట్టి, ఎడమ చేత్తో బారే కార్డు (ఒకే వేలిని అడ్డంగా పరిచి తీగలను నొక్కే కార్డు) పట్టి చూడండి. కాపో లేకుండా ఎఫ్ కార్డు పట్టడం నరకంగా ఉండి, కాపో పెట్టాక అదే ఆకారం హాయిగా పడుతుంటే తప్పు నట్‌ది, అంటే నెక్ చివర తల దగ్గర తీగలు కూర్చునే గాళ్ల పట్టీది. నట్‌లోని గాళ్లు లోతు చాలక మొదటి ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తుగా నిలుస్తోంది. ఇంకో విధంగా కూడా చూడవచ్చు. తీగను మూడో ఫ్రెట్ దగ్గర నొక్కి, మొదటి ఫ్రెట్ మీద ఎంత సందు ఉందో గమనించండి. అక్కడ సన్న కాగితం పట్టేంత సందు చాలు.

మూడోది నెక్ వంపు. కాపో మొదటి ఫ్రెట్ మీదే ఉంచి, నెక్ శరీరాన్ని కలిసే చోట ఆరో తీగను నొక్కండి. ఏడో ఫ్రెట్ దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ మధ్య 0.2 నుంచి 0.3 మిల్లీమీటర్ల సందు ఉండాలి. బాగా ఎక్కువ ఉంటే నెక్ ముందుకు వంగింది. ట్రస్ రాడ్‌ను (నెక్ లోపల ఉండే లోహపు కడ్డీని) కొద్దిగా సవ్యదిశలో బిగిస్తే సరిపోతుంది. ఒకసారికి పావు చుట్టు మించకండి. తిరగకపోతే బలం చేయకండి.

వంపు సరిచేశాక కూడా పన్నెండో ఫ్రెట్ దగ్గర ఎత్తు మిగిలితే శాడిల్‌ను (బ్రిడ్జి మీద తీగలు ఆనే సన్న పట్టీని) అడుగువైపు అరగదీయాలి. అక్కడ అర మిల్లీమీటరు దించాలంటే శాడిల్ నుంచి ఒక మిల్లీమీటరు తీయాలి, ఎందుకంటే పన్నెండో ఫ్రెట్ తీగకు సరిగ్గా సగంలో ఉంటుంది. నట్ గాళ్లు లోతు చేయడం మాత్రం తెలిసినవాళ్లకే వదలండి. ఒక్క గీత ఎక్కువ పడితే ఉత్త తీగ జరజరమంటుంది, నట్ కొత్తది వేయాల్సి వస్తుంది. హైదరాబాద్, విజయవాడ, విశాఖ వంటి నగరాల్లో ఈ సెటప్ పనిచేసే మరమ్మతుదారులు దొరుకుతారు. ఈ పని ముందు చేయించుకుని, ఆపైన తీగల మందం గురించి ఆలోచించండి. చాలామందికి అప్పటికి పాత మందమే సరిపోతుంది.

నాలుగో అడుగు: గిటార్ ఎంత మోయగలదు?

వెడల్పాటి భుజాలు, లోతైన శరీరం ఉన్న డ్రెడ్‌నాట్ ఆకారం 12 సెట్‌ను దృష్టిలో పెట్టుకునే తయారవుతుంది. పలక లోపల ఇంటూ గుర్తులా అతికించిన బద్దీలు ఆ బిగువును తట్టుకుంటాయి. కంపెనీ సరేనంటే 13 కూడా వేయవచ్చు, చెప్పకపోతే వద్దు. చిన్న శరీరం ఉన్న పార్లర్, కాన్సర్ట్ ఆకారాల గిటార్లకు 11 గానీ 12 గానీ. పలక చిన్నది కాబట్టి కొద్ది బిగువుకే స్పందిస్తుంది. 13 వేస్తే గొంతు పట్టుకున్నట్టు బిగుసుకుని పలుకుతుంది.

తక్కువ ధరలో దొరికే 38 అంగుళాల గిటార్లలో కొన్నింటికి నెక్ లోపల ట్రస్ రాడ్ ఉండదు, కొన్నింటికి పలక లోపల బద్దీలు నిచ్చెన మెట్లలా అడ్డంగా మాత్రమే ఉంటాయి. ఫోను వెలుతురులో సౌండ్ హోల్ లోపలికి చూస్తే రాడ్ చివర గుంట కనిపించాలి. కొన్ని గిటార్లలో అది తల దగ్గర చిన్న మూత కింద ఉంటుంది. రెండు చోట్లా లేకపోతే 11 దాటకండి, 10 ఇంకా మేలు. అలాంటి నెక్ ఒకసారి వంగితే సరిచేసే దారి దాదాపు ఉండదు.

పాత గిటార్ అయితే రెండు చూడండి. బ్రిడ్జి వెనక అంచు కింద సన్న కాగితం దూరుతోందా? దూరితే జిగురు వదులుతోంది, అతికించేదాకా తీగలు వదులుగానే ఉంచండి. బ్రిడ్జి వెనక పలక మీద స్కేలు అడ్డంగా పెట్టి చూడండి. కొద్దిపాటి ఉబ్బు సహజం, మంచి గిటార్లకు కూడా ఉంటుంది. కానీ బ్రిడ్జి ముందు, సౌండ్ హోల్ వైపు పలక లోపలికి కుంగి, వెనక బాగా లేచి ఉంటే ఒక మెట్టు సన్నని సెట్‌కు దిగండి.

తీగ పొడవు కూడా లెక్కలోకి వస్తుంది. నట్ నుంచి శాడిల్ దాకా ఉండే పొడవును స్కేల్ అంటారు. నట్ నుంచి పన్నెండో ఫ్రెట్ దాకా కొలిచి రెట్టింపు చేస్తే తెలుస్తుంది. మార్టిన్ డి-28 మీద ఇది 645 మిల్లీమీటర్లు. మన దగ్గర చాలా ఇళ్లలో ఉండే యమహా ఎఫ్310 మీద 634. గిబ్సన్ జె-45 మీద 629. పొడవు తగ్గితే అదే తీగ అదే శ్రుతికి తక్కువ బిగువుతో పలుకుతుంది. 645 నుంచి 629కి వస్తే దాదాపు ఐదు శాతం తగ్గుతుంది. అందువల్ల పొట్టి స్కేల్ గిటార్ మీద 12 సెట్ పొడవు గిటార్ మీదకంటే మెత్తగా అనిపిస్తుంది. మిత్రుడి గిటార్ మీద 12 హాయిగా ఉందని మీ గిటార్‌కూ అదే కొనేముందు ఈ కొలత చూడండి.

ఐదో అడుగు: మీరు వాయించేదేమిటి?

పాట పాడుతూ పిక్‌తో లయ కొట్టేవాళ్లకు 12 బాగా కుదురుతుంది. సన్నని తీగను గట్టిగా కొడితే అది ఎక్కువ వెడల్పున ఊగి ఫ్రెట్లకు తగులుతుంది. 10 సెట్ మీద లయ కొడితే వచ్చే చిటపట శబ్దం అదే. పదిమంది గుమిగూడి పాడుకునే చోట మైకు లేకుండా వినిపించాలన్నా 12 వేయాలి. బరువైన తీగ పలకను బలంగా కదిలిస్తుంది, మంద్ర స్వరాలు నిండుగా వస్తాయి.

వేళ్లతో మీటేవాళ్లకు 11 గానీ 12 గానీ. గోళ్లతో కాకుండా వేలి కొసతో మీటితే 11 తొందరగా పలుకుతుంది. పిక్‌తో వేగంగా విడి స్వరాలు వాయించే అమెరికన్ బ్లూగ్రాస్ పద్ధతికి 13 ఇష్టపడతారు. మన దగ్గర ఆ శైలి వాయించేవాళ్లు తక్కువ.

నేర్చుకోవడం ఇప్పుడే మొదలుపెట్టిన పెద్దవాళ్లకు నా సలహా 11. పది పన్నెండేళ్ల పిల్లలకు 10. పిల్లల విషయంలో ధ్వని కంటే గిటార్ చేతిలోకి తీసుకోవాలన్న కోరిక నిలవడం ముఖ్యం. ఆరు నెలలు గడిచాక 11కి వెళ్లవచ్చు.

ఇక మన సంగీతం వాయించేవాళ్ల మాట. ఇది చాలా గైడ్లలో కనిపించదు, కానీ తెలుగు పాటల రాగచ్ఛాయలు గిటార్ మీద పలికించాలనుకునేవాళ్లకు ఇదే ప్రధానం. గమకం రెండు దారుల్లో వస్తుంది. ఒకటి తీగ పొడవునా వేలిని జార్చడం. రెండోది బొబ్బిలి వీణ మీద చేసినట్టు మెట్టు మీదే తీగను పక్కకు లాగడం. జారుకు మందం అడ్డు రాదు. మందపు తీగ మీద జారు స్వరం ఇంకా ఎక్కువసేపు నిలుస్తుంది కూడా. లాగుడు మాత్రం బిగువుతో పోరాటమే. 12 సెట్ మీద రెండో తీగను పూర్తి స్వరం లాగడానికి చాలా బలం కావాలి, చుట్టు ఉన్న మూడో తీగ మీద అది దాదాపు కుదరదు. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ కర్ణాటక సంగీతానికి ఎలక్ట్రిక్ మాండొలిన్ ఎంచుకుని, జంట తీగలకు బదులు ఒంటి తీగలు వాడారు. జంట తీగల్ని కలిపి లాగి గమకం పలికించడం ఎంత కష్టమో మాండొలిన్ పట్టుకున్నవాళ్లకు తెలుసు. గిటార్ మీద ఆ పని అకౌస్టిక్‌తోనే చేయాలనుకుంటే 10 లేదా 11 వేయండి. ధ్వనిలో కొంత నిండుదనం పోతుంది. ఆ నష్టానికి సిద్ధపడే వేయాలి, రెండూ కావాలంటే కుదరదు.

కొందరు మూడో తీగ స్థానంలో చుట్టు లేని 18 లేదా 20 తీగ వేసి లాగుడు సులువు చేసుకుంటారు. శాడిల్ చుట్టు తీగకు తగ్గట్టు కోసి ఉంటుంది కాబట్టి పై ఫ్రెట్లలో మూడో తీగ కాస్త హెచ్చు శ్రుతిలో పలుకుతుంది. విడి స్వరాలు మాత్రమే వాయిస్తే వేలితో సర్దుకోవచ్చు, కార్డులు కూడా పట్టేవాళ్లకు అది చెవిలో గుచ్చుకుంటూనే ఉంటుంది.

ఆరో అడుగు: ఏ శ్రుతిలో ఉంచుతారు?

గాయకుడి గొంతుకు సరిపోవాలని గిటార్ మొత్తాన్ని అర స్వరం దించి ఉంచేవాళ్లు ఎక్కువ. అర స్వరం దించితే బిగువు 11 శాతం తగ్గుతుంది, పూర్తి స్వరం దించితే 21 శాతం. అంటే 12 సెట్‌ను పూర్తి స్వరం దించితే చేతికి 11 కంటే మెత్తగా తగులుతుంది. 13 సెట్‌ను అర స్వరం దించితే మామూలు శ్రుతిలోని 12కి కాస్త పైన ఉంటుంది. ఎప్పుడూ దించే వాయిస్తారా? అయితే మామూలుగా వేసే మందానికి ఒక మెట్టు పైది వేయండి, అప్పుడు తీగ వదులై ఫ్రెట్లకు తగలదు. ఒక్కో పాటకు పైకి, కిందకు మారుస్తుంటే మామూలు శ్రుతికి తగిన మందమే ఉంచి, పైకి వెళ్లాల్సినప్పుడు కాపో వాడండి.

దీన్నే తిప్పి వాడుకోవచ్చు. వేళ్లు నొప్పి పుడుతున్న మొదటి నెలలో గిటార్‌ను అర స్వరం దించి, మొదటి ఫ్రెట్ మీద కాపో పెట్టుకుని సాధన చేయండి. శ్రుతి మామూలుగానే వినిపిస్తుంది, బిగువు తగ్గుతుంది, నట్ ఎత్తు సమస్య కూడా తప్పుతుంది. పైసా ఖర్చు లేదు.

ఏడో అడుగు: లోహం, వాతావరణం

చుట్టు తీగల లోహం ధ్వని రంగును మారుస్తుంది, బిగువును పెద్దగా మార్చదు. 80/20 బ్రాంజ్ అనేది 80 శాతం రాగి, 20 శాతం తుత్తునాగం. కొత్తలో గణగణమంటుంది, ఆ మెరుపు తొందరగా తగ్గుతుంది. ఫాస్ఫర్ బ్రాంజ్‌లో రాగితో తగరం, కొద్దిగా ఫాస్ఫరస్ ఉంటాయి. ధ్వని వెచ్చగా ఉండి ఎక్కువకాలం అలాగే నిలుస్తుంది. ఏది తీసుకోవాలో తెలియకపోతే ఫాస్ఫర్ బ్రాంజ్ తీసుకోండి. పట్టు పోగులు కలిపిన సిల్క్ అండ్ స్టీల్ తీగలు కూడా ఉన్నాయి. బిగువు బాగా తక్కువ, గొంతు మృదువు. బలహీనమైన పాత గిటార్లకు అవి వరం.

కోస్తాలో ఉండేవాళ్లు పూత వేసిన తీగల గురించి ఆలోచించాలి. కాకినాడ, విశాఖ, మచిలీపట్నం గాలిలో తేమ, ఉప్పు రెండూ ఉంటాయి. పూత లేని మొదటి, రెండో తీగలు తొందరగా తుప్పు పట్టి వేలికి గరుకుగా తగులుతాయి. పూత తీగల ధర ఎక్కువే అయినా మన్నికతో లెక్క సరిపోతుంది. వాయించాక పొడి గుడ్డతో తీగ అడుగు కూడా తుడవడం అందరికీ అవసరం, చెమట పట్టే చేతులకు మరీ.

వానాకాలంలో చెక్క తేమ పీల్చి పలక ఉబ్బుతుంది, తీగ ఎత్తు పెరుగుతుంది. రాయలసీమ, తెలంగాణ ఎండల్లో, ఏసీ గదుల్లో చెక్క ఎండి పలక దిగుతుంది, తీగ ఫ్రెట్లకు తగులుతుంది. జూలైలో గట్టిగా ఉందని, మేలో జరజరమంటోందని ఆ వారమే మందం మార్చేయకండి. గిటార్‌ను పెట్టెలో ఉంచి, లోపల తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉండేలా చూసి, అప్పుడు తీర్పు చెప్పండి.

ఎనిమిదో అడుగు: కొనేటప్పుడు పేర్లు కాదు, అంకెలు చదవండి

"లైట్", "మీడియం" అన్న పేర్లు కంపెనీకో తీరుగా ఉంటాయి. డడారియో "లైట్" 12–53. మార్టిన్ "లైట్" 12–54. ఎర్నీ బాల్ ఎర్త్‌వుడ్ "లైట్" మాత్రం 11–52. పేరు చూసి కొంటే ఒక మెట్టు తేడా వచ్చేస్తుంది. డడారియో సెట్లలో ఆరు తీగలూ ఇలా ఉంటాయి:

10–47: 10, 14, 23, 30, 39, 47
11–52: 11, 15, 22, 32, 42, 52
12–53: 12, 16, 24, 32, 42, 53
13–56: 13, 17, 26, 35, 45, 56

జాగ్రత్తగా చూస్తే 11, 12 సెట్లలో నాలుగు, ఐదో తీగలు ఒకటే. తేడా ఉన్నది ముఖ్యంగా మొదటి మూడు తీగల్లో. అందుకే 12 నుంచి 11కి దిగినప్పుడు మంద్ర స్వరాలు పెద్దగా పోవు, వేళ్లకు మాత్రం హాయి తెలుస్తుంది. చాలామందికి 11 బాగా నచ్చడానికి కారణం ఇదే అని నా నమ్మకం.

సెట్‌తో పాటు విడిగా ఒక మొదటి తీగ కొనిపెట్టుకోండి. శ్రుతి చేసేటప్పుడు తెగేది ఎక్కువగా అదే.

తొమ్మిదో అడుగు: మార్చాక చూడాల్సినవి

తీగలన్నీ ఒకేసారి విప్పకుండా ఒక్కొక్కటిగా మార్చండి. నెక్ మీద బిగువు ఒక్కసారిగా మారదు, శాడిల్ ఊడి పడదు. కొత్త తీగను మెల్లగా పైకి లాగి వదిలి, మళ్లీ శ్రుతి చేయండి. అది నిలకడగా నిలబడేదాకా ఇలాగే చేయాలి. మందం మారితే నెక్ కుదురుకోవడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. అప్పటిదాకా ట్రస్ రాడ్ జోలికి వెళ్లకండి.

ఆ తరువాత మూడో అడుగులోని కొలతలు మళ్లీ తీసుకోండి. సన్నని తీగలకు మారితే నెక్ వెనక్కి నిటారుగా అవుతుంది. మొదటి నాలుగైదు ఫ్రెట్లలో కొత్తగా జరజర వినిపిస్తే ట్రస్ రాడ్‌ను అపసవ్యంగా పావు చుట్టు లోపే వదులు చేయండి. మందపు తీగలకు మారితే ఎత్తు పెరుగుతుంది, సవ్యంగా బిగించాలి. నట్ గాడిలో మందపు తీగ ఇరుక్కుంటే శ్రుతి చేసేటప్పుడు టిక్కుమని శబ్దం వచ్చి, స్వరం ఒక్కసారిగా గెంతుతుంది. గాడిలో పెన్సిల్ ముక్కు రుద్దితే కొంత జారుతుంది. అయినా ఇరుక్కుంటుంటే గాడిని వెడల్పు చేయించాలి.

రెండు వారాలు రోజూ వాయించాక నిర్ణయానికి రండి. మొదటి రోజు ఏ కొత్త తీగైనా మెరుస్తూ పలుకుతుంది, అది మందం గొప్పతనం కాదు. లయ గట్టిగా కొట్టినప్పుడు మొదటి తీగ చిటపటమంటే ఒక మెట్టు పైకి. అరగంటకే ఎడమ చెయ్యి బిగుసుకుపోతే ఒక మెట్టు కిందకి. 10 నుంచి 13కి గెంతకండి.

అసంతృప్తి ఒకటి రెండు తీగల దగ్గరే ఉంటే సెట్ మొత్తం మార్చనక్కరలేదు. మొదటి రెండు తీగలు 12, 16 ఉంచి, చివరి మూడింటికి 35, 45, 56 వేస్తే మంద్రం బలపడుతుంది. డడారియోలో ఈ కలయిక మూడో తీగ 25తో కలిపి 12–56 సెట్‌గానే దొరుకుతుంది. అలాగే 11 సెట్‌లో మొదటి తీగ మాత్రం పీలగా పలుకుతోందనిపిస్తే విడిగా ఒక 12 తెచ్చి అక్కడ వేయండి. మీకు కుదిరిన ఆరు అంకెలనూ, మార్చిన తేదీనీ ఒక చీటీ మీద రాసి గిటార్ పెట్టెలో పెట్టుకుంటే, తరువాతిసారి దుకాణంలో అడగాల్సింది ఆ అంకెలే.